నిచ్చెన వాళ్ళకి, లాగిన్ మనకా?



2014 అక్టోబర్ 12. విశాఖ వాళ్ళెవరికీ ఆ తారీఖు గుర్తు చెయ్యక్కర్లేదు. ఆ రోజు తీరం దాటిన తుఫానుకి హుద్‌హుద్ అని పేరిచ్చింది ఒమాన్ దేశం. ఆ పేరు మనకి కొత్తది కాదు. చిన్నప్పుడు మక్తబ్‌లో విన్న పిట్ట పేరే అది. సులేమాన్ (అలైహిస్సలాం) పక్షులకి హాజరీ తీస్తే కనబడకుండా పోయి, తర్వాత సబా రాజ్యం నుంచి పక్కా ఖబర్ మోసుకొచ్చిన పిట్ట. ఖబర్ తెచ్చే పిట్ట పేరు పెట్టుకున్న తుఫాను ఖబర్లన్నిటినీ తెంపేసి పోయింది. కింద విశాఖలో టవర్లు మూగబోయాయి. పైన అరకు, అనంతగిరి కొండల మీద కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేర్లతో సహా పడిపోయాయి. వాటితో పాటు స్తంభాలూ, తీగలూ.

ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తుందా? విశాఖ నగరంలో కరెంటు తీగల్ని భూమిలోకి దించడానికి వరల్డ్ బ్యాంక్ అప్పుతో ప్రాజెక్టు వచ్చింది. మంచిదే. మూడేళ్ళకి, 2017 డిసెంబర్‌లో, ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. నెలకి 149 రూపాయలకి ఇంటర్నెట్, ఫోన్, టీవీ. ఆ ఫైబర్ మాత్రం భూమిలో కాదు, కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తవ్వకం ఖర్చు ఉండదు, పని జల్దీ అవుతుంది. ఆ లెక్కని నేను తప్పు పట్టను. గరీబ్ రాష్ట్రం గరీబ్ లెక్కే వేస్తుంది. కానీ స్తంభాల మీద తీగ అంటే ఏడాది పొడవునా ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. చెట్టు కొమ్మ పడుతుంది, ఘాట్ రోడ్డు మీద లారీ తగులుతుంది, కొండచరియ జారుతుంది. ఆ కనిపెట్టుకునే మనిషి ఎవరు? ఈ సవాల్ ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్క పిల్ల. ఆమె అడగడం నా చెవులతో నేను విన్నాను.

అరకు లోయలో ఒక కాలేజీలో కెరీర్ గైడెన్స్ జల్సా. కింద నుంచి వచ్చిన మాహిర్ ఒకాయన మైకు పట్టుకుని గంటసేపు నసీహత్ చేశాడు. ఏఐ అన్నాడు, డేటా సైన్స్ అన్నాడు, "మీ ప్రాంతానికైతే టూరిజం, హోటల్ లైన్ బాగా సూట్ అవుతుంది" అన్నాడు. నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేషన్ గురించి ఒక అబ్బాయి అడిగితే నవ్వేశాడు. "అది కేబుల్ లాగే పని బాబూ, దానికి డిగ్రీ ఎందుకు? పైగా ఇప్పుడంతా క్లౌడ్." అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "సార్, మా ఊళ్ళో నెట్ పోతే ఎవరు బాగుచేస్తారు?" అంది. ఆయన ఏమాత్రం తడుముకోకుండా జవాబిచ్చాడు: "కంప్లైంట్ పెట్టండమ్మా, కింద నుంచి వస్తారు."

కింద నుంచి వస్తారు! ఈ మూడు ముక్కల మీదే నా గుస్సా అంతా. ఇరవై ఏళ్ళుగా నా రోజీ రోటీ ఈ తీగల మీదే. రౌటర్లు, స్విచ్చులు, అర్ధరాత్రి ఫోన్లు. ఆ మాట విన్నాక నోరు మూసుకుని కూర్చోవడం నా పేషాకి బేవఫాయీ అవుతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఈ కొండల తారీఖ్ కొంచెం చూద్దాం. ఈ కొండల మీదకి వచ్చిన ప్రతి లైనూ కింద నుంచే వచ్చింది, దాని చాబీ కిందే ఉండిపోయింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా రోడ్డు వేసినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ కొండవాళ్ళ చేత చాకిరీ చేయించుకుని పూర్తి కూలీ ఇవ్వలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడటానికి ఆ రోడ్డు జుల్మ్ కూడా ఒక కారణం. తర్వాత మాచ్‌ఖండ్. 1955లో అక్కడ కరెంటు పుట్టింది, నీళ్ళ కింద పల్లెలు మునిగాయి, తీగలు మాత్రం కొండపల్లెల నెత్తి మీదుగా మైదానానికి వెళ్ళాయి. ఆ తర్వాత 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం. యాభైకి పైగా సొరంగాలు తొలిచి, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపాన్‌కి చేర్చడానికి వేసిన లైను. ఇవాళ మనం అద్దాల బోగీలో కూర్చుని ఫోటోలు దిగే రైలు అదే పట్టాల మీద నడుస్తుంది. రోడ్డు, కరెంటు, రైలు. మూడూ కొండ మీదుగానే పోయాయి. మూడిట్లోనూ కొండ మనిషికి దక్కింది మట్టి తట్ట, రాయి కొట్టే సుత్తి.

ఇప్పుడు నాలుగోది వస్తోంది. ఫైబర్. దాన్లో కొండ మనిషికి మనం ఇస్తున్నది నిచ్చెన.

నా మాటకి మతలబ్ చెప్తాను. ఏ నెట్‌వర్క్‌లోనైనా రెండు రకాల పని ఉంటుంది. ఒకటి నిచ్చెన పని. స్తంభం ఎక్కడం, తెగిన తీగ వెతకడం, మోయడం. రెండోది లాగిన్ పని. పరికరంలోకి పాస్‌వర్డ్‌తో వెళ్ళి ఎక్కడ ఆగిందో చూడటం, దారి మార్చడం, ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించడం. నిచ్చెన పనిలో ప్రమాదం ఎక్కువ, పైసా తక్కువ. 11 కేవీ లైన్ పక్కనే సేఫ్టీ బెల్టు లేకుండా ఎక్కే కుర్రాళ్ళని నేను చూశాను. లాగిన్ పనిలో కుర్చీ, జీతం, ఇజ్జత్, ఇఖ్తియార్. కొండపిల్లాడు స్తంభం ఎక్కుతాడు, ఫోన్లో కింద ఆఫీసు కుర్రాడు "ఎర్ర లైటా, పచ్చ లైటా?" అని అడుగుతాడు. వీడు చెప్తాడు. వాడు బాగుచేస్తాడు. కళ్ళు వీడివి, హుకుం వాడిది. పదేళ్ళు ఎక్కినా వీడు స్తంభం మీదే ఉంటాడు.

"నెట్ పోతే ఏమైంది, కాసేపు రీల్స్ ఆగుతాయి, అంతేగా" అనే షెహర్ బాబుల కోసం ఒక మాట. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరీ ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లోనే వెయ్యాలని కేంద్రం తప్పనిసరి చేసింది. రోజుకి రెండుసార్లు ఫోటో, అక్కడి నుంచే, ఆ టైముకే. ఫోటో ఎక్కకపోతే మస్టర్‌లో హాజరీ పడదు. మస్టర్‌లో లేని రోజుకి కూలీ రాదు. మట్టి తవ్వినట్టు చేతుల బొబ్బలు చెప్తాయి గానీ, బొబ్బల్ని సర్వర్ చదవదు కదా. రేషన్‌కి వేలిముద్ర, పెన్షన్‌కి వేలిముద్ర, ఆధార్ ఈకేవైసీ లేకుండా ఏ పథకమూ కదలదు. డోలీలో గర్భిణిని మోసుకుంటూ రోడ్డు దాకా వచ్చినవాళ్ళకి అంబులెన్స్‌కి ఫోన్ కలవాలంటే మళ్ళీ గుట్ట ఎక్కాలి. సర్కార్ తన దర్వాజాలన్నీ నెట్‌లో పెట్టేసి, ఆ నెట్‌కి కాపలా మాత్రం వంద కిలోమీటర్ల కింద పెట్టింది. కాబట్టి పాడేరు ఏజెన్సీలో నెట్ పోవడాన్ని టెక్నికల్ ఖరాబీ అనడం మానేద్దాం. ఒక ముసలమ్మ దినకూలీ పోయింది అందాం. దొంగతనానికి దొంగ కనబడకపోయినా అది దొంగతనమే.

మరి ఎందుకంత తరచుగా పోతుంది? దీనికీ సీదా జవాబుంది. మైదానంలో మంచి నెట్‌వర్క్‌ని చక్రంలా కడతారు. రింగ్ అంటాం. ఒక పక్క తెగితే ట్రాఫిక్ రెండో పక్క నుంచి తిరిగి వస్తుంది, వాడేవాడికి తెలియను కూడా తెలియదు. కొండల్లో ఎక్కువగా ఒకే గీత. ఘాట్‌లో ఒక్క చోట తెగిందంటే దాని తర్వాత ఉన్నవాళ్ళంతా చీకట్లోనే. భారత్‌నెట్ కూడా మొదట్లో మండలం నుంచి పంచాయతీకి ఇలా ఒంటి గీతగానే వెళ్ళింది. తప్పు తెలిసొచ్చింది కాబట్టే 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన భారత్‌నెట్‌ని మంజూరు చేసి, రింగ్‌గా మార్చాలంది, కట్టినవాడే పదేళ్ళు నిర్వహించాలంది. దానికంటే ముందే, 2021 నవంబర్‌లో, ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో 7,287 గ్రామాలకి 4జీ ఇవ్వడానికి 6,466 కోట్లు మంజూరయ్యాయి. ఈ కొండల మీద కొత్త టవర్లు లేస్తూనే ఉన్నాయి.

ఈ లెక్కలు సర్కార్‌కి తారీఫ్ చెయ్యడానికి రాయలేదు. "పదేళ్ళ నిర్వహణ" అన్న మాట దగ్గర ఆగి చూడండి. పదేళ్ళ నిర్వహణ అంటే పదేళ్ళ నౌకరీ. ఎవరికి? ఆ కాలేజీలో మైకు పట్టుకున్న మాహిర్‌కి ఈ సంగతి తెలియదా? తెలియకపోతే ఆయనకి మైకు ఎందుకిచ్చారు? తెలిసీ "హోటల్ లైన్ చూసుకోండి" అన్నాడంటే అది ఇంకా పెద్ద గునాహ్.

ఇక వాళ్ళ దలీళ్ళు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, "అంతా క్లౌడ్ అయిపోయింది." క్లౌడ్ అంటే ఆస్మాన్‌లో మేఘం కాదు బాబూ, ఎవరిదో కంప్యూటర్. దాని దాకా వెళ్ళడానికి తీగ కావాలి. ముంచంగిపుట్టులో తెగిన తీగని ముంబయిలోని డేటా సెంటర్ అతికించదు. దీన్లో సగం నిజం ఉంది, దాన్ని దాచను. షెహర్లలో కూర్చుని స్క్రీన్ చూసే చిన్న ఉద్యోగాలు తగ్గుతున్నాయి. వంద స్విచ్చుల సెట్టింగు ఒక స్క్రిప్టుతో మార్చేస్తున్నారు. అందుకే ఈ పనికి రేపు నిలబడేది రెండు చేతులూ ఉన్నవాడు. ఒక చేత్తో స్ప్లైసింగ్ మెషీన్, ఇంకో చేత్తో పైథాన్. కింద ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయినవాడికి మొదటి చెయ్యి లేదు. కొండ మీద పిల్లలకి రెండో చెయ్యి మనం నేర్పలేదు. ఏది నేర్పడం ఆసాన్?

రెండోది, "వాళ్ళకి అంత దిమాగ్ ఉండదండీ, నిలకడ ఉండదు." ఈ మాట మైకులో అనరు, భోజనాల దగ్గర అంటారు. మీరు మ్యాప్ లేకుండా డుంబ్రిగుడ దాటలేరు. వాళ్ళు చీకట్లో, వానలో, పొగమంచులో ఏ బాట ఎక్కడ చీలుతుందో, ఏ గెడ్డ పొంగితే ఏ దారి మూసుకుపోతుందో, అప్పుడు ఏ చుట్టుదారి పట్టాలో చెప్పగలరు. సుల్తాన్ పేట బోర్డులు చదువుకుని పెరిగిన మనకి ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ పద్ధతి అర్థం కావడానికి నెల పట్టింది. అది చేసేది ఇదే. ప్రతి రౌటరూ చుట్టూ ఉన్న దారుల నక్షా దగ్గర పెట్టుకుని, ఒక దారి మూసుకుపోతే ఇంకోటి లెక్కేస్తుంది. పైగా తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి, ఇలా రెండు మూడు భాషల మధ్య పెరిగినవాళ్ళు. దిమాగ్ గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఎన్ని జబాన్లు వచ్చో చెప్పాలి.

మూడోది, "ఇష్టముంటే హైదరాబాద్ వెళ్ళి నేర్చుకోమనండి." అమీర్‌పేట కోచింగ్ ఫీజు, హాస్టల్ కిరాయా, ఆరు నెలల ఖాళీ కడుపు. వెళ్ళినవాడు వెనక్కి రాడు. రమ్మనే హక్ మనకి లేదు, ఎందుకంటే వస్తే చెయ్యడానికి పైన పని మనం ఉంచలేదు. కొండని ఖాళీ చెయ్యడానికి డ్యామే కట్టక్కర్లేదు, ఇలాంటి సలహాలు చాలు.

నాలుగోది మన వాళ్ళ నుంచి వచ్చేది. "భాయ్, నెట్ అంటేనే ఫిత్నా. బెట్టింగులు, లోన్ యాప్‌లు, బేహయాయీ. కొండల్లో అమాయకులకి అది లేకపోతేనే నయం." పెద్దమనుషుల ఫికర్ నాకర్థమవుతుంది. కానీ ఫోన్ ఇప్పటికే అక్కడికి చేరింది, సంతలో ప్రతి చేతిలో ఉంది. చేరనిది దాన్ని అదుపులో పెట్టే ఇల్మ్. హాస్టల్ నెట్‌లో ఏ సైట్ తెరవాలి, ఏది మూయాలి అని నిర్ణయించేది డీఎన్‌ఎస్ ఫిల్టర్ పెట్టడం తెలిసిన మనిషి. ఆ మనిషి ఆ ఊరివాడైతే ఊరి పెద్దల మాట వింటాడు. వంద కిలోమీటర్ల కింద ఉంటే ఎవరి మాటా వినడు. ఫిత్నాకి భయపడేవాళ్ళే ముందుగా తమ పిల్లలకి ఈ హునర్ నేర్పించాలి.

ఇక్కడ ఒక పాత ముచ్చట. ఇబ్న్ బతూతా 14వ శతాబ్దంలో మొహమ్మద్ బిన్ తుగ్లక్ జమానాలో మన ముల్క్‌కి వచ్చాడు. ఇక్కడి డాక్ పద్ధతి చూసి హైరాన్ అయ్యాడు. గుర్రాల డాక్ ఒకటి, కాలినడక డాక్ ఒకటి. గుర్రం కంటే మనిషి కాళ్ళ డాకే తేజ్‌గా పోతుందని రాశాడు. ఎలా? మైలుకి మూడు చౌకీలు. ప్రతి చౌకీలో మనుషులు నడుం బిగించి తయారుగా ఉంటారు. వచ్చేవాడి చేతి కర్రకి గంటలు. ఆ ఘల్లు వినగానే ఇవతలివాడు లేచి నిలబడి, జాబు అందుకుని పరుగు. ఇవాళ్టి రౌటర్ చేసే పని ఇదే. ఒక పక్క అందుకోవడం, రెండో పక్క అందించడం. అయితే నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ డాక్ అంత తేజ్‌గా నడిచిందంటే, చౌకీ మనిషి చౌకీలోనే ఉన్నాడు కాబట్టి. "ఢిల్లీ నుంచి వస్తాడు, ఆగండి" అని ఉంటే తుగ్లక్‌కి జాబు కాదు, జాబు మోసేవాడి జనాజా ఖబర్ అందేది.

ఇక సర్కార్ సంగతి. ఏజెన్సీ పాఠశాలల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అని 2000 సంవత్సరంలో జీఓ 3 ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజు నుంచి ఈ కొండల్లో డీఎడ్, బీఎడ్ చదివిన పిల్లల నిరాశ చూస్తూనే ఉన్నాం. భూమికి 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ పహరా ఉంది. బొర్రా గనుల మీద సమతా కేసు 1997లో గెలిచాక కొండ కడుపుకీ కొంత పహరా వచ్చింది. గాలిలో వేలాడే తీగకి ఏ పహరా ఉంది? దాని నిర్వహణ టెండర్‌లో "స్థానికులు" అన్న మాట ఉంటే అది స్తంభాలెక్కే కూలీల దగ్గరే ఎందుకు ఆగాలి? 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు డిజిటల్ అసిస్టెంట్ పోస్టు పెట్టారు, ఎనర్జీ అసిస్టెంట్ పోస్టు పెట్టారు. కరెంటు పోతే చూడటానికి మనిషున్నాడు. నెట్ మీదే నడిచే ఆఫీసులో నెట్ చూసే మనిషి లేడు. ఇది మర్చిపోవడం అనుకోను. కొండ మీద తాళం చెవి ఉండటం మనకి అలవాటు లేదు, అంతే.

కాబట్టి నా ముతాలబాలు సాఫ్‌గా పెడుతున్నాను. ఒకటి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఫైబర్, టవర్ల నిర్వహణ టెండర్లలో ప్రతి మండలానికి స్థానిక గిరిజన బృందం ఉండాలి, వాళ్ళకి నిచ్చెనతో పాటు లాగిన్ కూడా ఇవ్వాలి. రెండు, పాడేరు పాలిటెక్నిక్‌లో, అరకు ఐటీఐలో నిజమైన నెట్‌వర్క్ ల్యాబ్ ఉండాలి. అందులో పనిచేసే రౌటర్లు, ఓఎల్‌టీ, స్ప్లైసింగ్ మెషీన్, తీగ ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో చూపించే ఓటీడీఆర్ ఉండాలి. పిల్లలు దుమ్ము తుడిచే బొమ్మలు కాదు. మూడు, ప్రతి నెలా ప్రతి మండలంలో నెట్ ఎన్ని గంటలు పోయిందో పంచాయతీ గోడ మీద రాయాలి. నాలుగు, నెట్ పోయిన రోజు కాగితం మీద వేసిన హాజరీ చెల్లాలి. ఆ రోజు నెట్ లేదని సంతకం పెట్టి చెప్పే ఇఖ్తియార్ ఆ ఊరి నెట్‌వర్క్ మనిషికి ఉండాలి. అది మిషన్ తప్పని చెప్పగల మనిషి లేకపోవడం వల్లే తప్పు ఎప్పుడూ కూలీ మీద పడుతోంది.

ఇప్పుడు ఆ వెనక బెంచీ అమ్మాయికి, ఆమెలాంటి వాళ్ళకి. తల్లీ, ఈ పని గురించి నీకు ఝూట్ చెప్పను. మొదట్లో జీతం తక్కువ. చాలావరకు కాంట్రాక్టు. అంతా బాగున్న రోజు నీ పేరు ఎవరికీ గుర్తురాదు, పోయిన రోజు అందరూ నిన్నే తిడతారు. ఈద్ నాడో, మీ ఇటుకల పండగ నాడో ఫోన్ మోగుతుంది. ఇవన్నీ ఒప్పుకుంటేనే రా. వస్తే మాత్రం సర్టిఫికెట్ కంటే ముందు పునాది వేసుకో. ఐపీ అడ్రస్ అంటే ఏంటి, సబ్‌నెట్ లెక్క కాగితం మీద ఎలా వెయ్యాలి, వీలాన్ దేనికి, డీఎన్‌ఎస్ ఎలా జవాబిస్తుంది, ఇవి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో మొదటి పాఠాలు ముఫ్త్‌గా దొరుకుతాయి. ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రౌటర్ కొనకుండానే రౌటర్ నేర్చుకోవచ్చు. పాత కంప్యూటర్ దొరికితే లినక్స్ ఎక్కించు. సీసీఎన్‌ఏ పరీక్ష ఫీజు 300 డాలర్ల దాకా ఉంటుంది, దానికి తొందర లేదు. చేతికి పని వచ్చాక కాగితం తెచ్చుకో. కాగితం వచ్చాక పని నేర్చుకుందామనుకున్నవాళ్ళని నేను ఇంటర్వ్యూల్లో చాలామందిని చూశాను. రౌటర్ ముందు కూర్చోబెడితే చేతులు వణుకుతాయి. ఇంకో మాట. పాస్‌వర్డ్ అంటే అమానత్. నీ చేతిలో ఊరందరి దర్వాజా ఉంటుంది. ఎవరి గదిలోకి తొంగిచూడగలవో అక్కడ చూడకపోవడమే ఈ పేషాలో ఈమాన్.

చివరగా నా ఖౌమ్‌కి. మనం ఈ కొండలకి పరాయివాళ్ళమే గానీ పాక్ దామన్‌లం కాదు. కింద నుంచి ఘాట్ ఎక్కి సంతల్లో తూకం పట్టినవాళ్ళలో మన వాళ్ళూ ఉన్నారు. చింతపండు, పసుపు, అడ్డాకులు ఏ ధరకి కొన్నామో మన జమీర్‌కి తెలుసు. ఇంకోవైపు, ఈ నెట్‌వర్కింగ్ హునర్ ఎలాంటి దర్వాజా తెరుస్తుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? హైదరాబాద్ గల్లీల్లో, విశాఖలో, విజయవాడలో ఎంతమంది మెకానిక్‌ల, దర్జీల, తోపుడు బళ్ళ వాళ్ళ కొడుకులు ఈ సీసీఎన్‌ఏ పట్టుకుని రియాద్, దుబాయ్, దోహా వెళ్ళి అక్కచెల్లెళ్ళ నికాహ్‌లు చేశారు? ఇంగ్లీష్ సరిగ్గా రాకపోయినా, రెఫరెన్స్ లేకపోయినా, పని వచ్చు కాబట్టి నిలబడ్డారు. మనకి తెరుచుకున్న దర్వాజాని వెనక వచ్చేవాడి ముఖం మీద మూసేస్తామా?

రంజాన్‌లో ఇఫ్తార్ దావత్‌కి, దాని ఫ్లెక్సీకి అయ్యే ఖర్చులో సగం తీసి సదఖాగా ఒక కొండపిల్లకి పరీక్ష ఫీజు కట్టండి. ఆమె కలిమా అడక్కండి, కులం అడక్కండి. గల్ఫ్ నుంచి సెలవుకి వచ్చిన తమ్ముళ్ళారా, నెల రోజుల్లో నాలుగు రోజులు అరకు రండి. ఫోటోలు దిగండి, బొంగు చికెన్ తినండి, తర్వాత ఒక పూట కాలేజీలో కూర్చుని పది మందికి సబ్‌నెట్ లెక్క నేర్పండి. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గింజకి ఆ ఊరి పేరే ఉండాలని చట్టం ఒప్పుకుంది. ఆ ఊరి నెట్‌కి ఆ ఊరి మనిషే ఉండాలని ఒప్పుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. కొంచెం గైరత్ చాలు.

సులేమాన్ దర్బార్‌లో హాజరీ తీసినప్పుడు అంత పెద్ద లష్కర్‌లో ఒక చిన్న పిట్ట లేదని కనిపెట్టారు. చిన్నది కదా అని వదిలెయ్యలేదు. మన దర్బార్‌లో మొత్తం ఒక కొండ గైర్‌హాజర్ అయితే, యాప్ "ఆబ్సెంట్" అని రాసుకుని ముందుకి పోతుంది.

ఆ అమ్మాయి సవాల్ ఇంకా అక్కడే నిలబడి ఉంది. "మా ఊళ్ళో నెట్ పోతే ఎవరు బాగుచేస్తారు?" కింద నుంచి వస్తారు అని జవాబిచ్చినంతకాలం కొండ కొండగానే ఉంటుంది, కింద కిందగానే ఉంటుంది. "నువ్వే తల్లీ, ఇదిగో లాగిన్" అని చెప్పగలిగిన రోజు ఆ జల్సాకి నన్ను మళ్ళీ పిలవండి. మైకు లేకపోయినా వస్తాను.

వస్సలాం.